కుర్చీ ఫర్మాతో కట్టిన గుట్ట

మా అన్న యాదగిరి పడ్డది మా ఇంటి ముందరి గుట్ట మీదనే. గుట్ట అంటే కొండ కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం పుట్టి పెరిగిన గల్లీలో స్పీడ్ బ్రేకర్‌ను అందరూ అట్లాగే పిలుస్తారు. వాన వెలిసిన సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, కొత్తపేటలో కూరగాయలు కొని రెండు సంచులు స్కూటర్‌కు తగిలించుకుని ఆయన గల్లీలోకి తిరిగాడు. గల్లీ నిండా నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళ కింద గుట్ట ఎక్కడుందో ఆయనకు తెలియక కాదు. మా బాపు పోయాక, రోడ్డు వేసిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ కట్టినవాడు ఆయనే. ఎదురుగా ఒక స్కూల్ వ్యాను లైట్లు వేసుకుని వస్తుంటే బండిని పక్కకు తిప్పాడు. ఆ తొందరలో గుట్ట సంగతి మరిచాడు. ముందు చక్రం ఎగిరింది, మనిషి వెనక్కి పడ్డాడు, నడుము సరిగ్గా ఆ సిమెంటు అంచు మీద పడింది. చప్పుడు విని బయటికి వచ్చిన మా పద్మ వదినెకు మొదట కనబడినవి నీళ్ళ మీద తేలుతున్న టమాటలు. నాకు ఫోన్ చేసి ఆమె అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "శ్యామలా, మీ అన్న గుట్ట మీద పండిండు. లేస్తలేడు."

పత్రికలో పనిచేసిన రోజుల్లో ఇట్లాంటి వార్తలు ఎన్ని దిద్దానో లెక్కలేదు. సిటీ పేజీలో ఎక్కడో కింద, ప్రకటనకూ ప్రకటనకూ మధ్య మిగిలిన జాగాలో, రెండు వాక్యాలు. "స్పీడ్ బ్రేకర్ వద్ద అదుపు తప్పి" అని మొదలవుతాయి. విలేకరి ఏం రాసి పంపినా డెస్కులో మేం దాన్ని ఆ మాటలోకే తెచ్చేవాళ్ళం, ఎందుకంటే తక్కువ జాగాలో ఇముడుతుంది. అన్నను దవాఖానలో చేర్చిన తెల్లారి నేను నాగోల్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని పేపర్లన్నీ తిరగేశాను. ఎక్కడా రాలేదు. మనిషి బతికాడు కనుక వార్త కాలేదు.

ఆ గుట్ట ఎట్లా పుట్టిందో చెప్పాలంటే మా బాపు దగ్గరికి పోవాలి. మా వాళ్ళది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. బాపు పెళ్ళయిన కొత్తలో నేత వదిలి పట్నం వచ్చాడు. మలక్‌పేటలో ఖాదర్ సాబ్ అనే ముసలాయన దగ్గర సోఫాలు చేసే పని నేర్చుకుని, తర్వాత దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకు రెండు గల్లీల లోపల ఇల్లు కట్టుకుని, ముందరి రేకుల షెడ్డులో సొంతంగా పని మొదలుపెట్టాడు. చుట్టూ ఇంకా ఖాళీ ప్లాట్లే. వనస్థలిపురంలో కొత్తగా ఇళ్ళు లేస్తున్న కాలం. గుమాస్తాలు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఇల్లు కట్టగానే ముందుగా కొనేది సోఫానే. వాళ్ళందరికీ కావలసింది ఒకటే రకం: వీపు ఆనించే పలక మధ్యలో ఒంటె మూపురంలా లేచి, రెండు పక్కలా చేతుల దాకా జారే సోఫా. బాపు దాన్ని గుట్ట సోఫా అనేవాడు. ఆ ఒంపు తేడా రాకుండా ప్లైవుడ్ ముక్క మీద గీసి కోసుకున్న అచ్చులు షెడ్డు గోడకు వేలాడుతుండేవి. ఆ అచ్చును పనివాళ్ళు ఫర్మా అంటారు. ముగ్గురు కూర్చునేదానికి పెద్ద ఫర్మా, ఒక్కరు కూర్చునే కుర్చీకి చిన్న ఫర్మా. ఆ గుట్ట ఎవరి వీపుకూ ఆనదు. మధ్యలో కూర్చున్నవాడి తల వెనక ఊరికే లేచి ఉంటుంది. ఎందుకు బాపూ అది అని నేను అడిగితే, నోట్లో పెట్టుకున్న చిన్న మొలలు పక్క దవడకు నెట్టి, "కూసునేటోని కోసం కాదు బిడ్డా. తలుపుకాడ నిలవడి చూసేటోని కోసం" అన్నాడు.

పొద్దున లేచేసరికి ఇంట్లో సరేసు ఉడికే వాసన. ఎముకల జిగురు అది. కొత్తవాళ్ళకు కడుపులో తిప్పుతుంది, మాకు మాత్రం అది అన్నం వాసనతో కలిసిపోయింది. అమ్మ ఒక పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తుంటే పక్క పొయ్యి మీద బాపు సరేసు డబ్బా. రెండిటికీ కట్టెలు ఒకటే. రొట్టెకు జిగురు వాసన పట్టిందని అమ్మ రోజూ అనేది, బాపు రోజూ "గట్టిగ ఉంటది తియ్యి, నాలుగు దినాలు ఊడదు" అనేవాడు. నాయినమ్మ వరండాలో కూర్చుని కొబ్బరి పీచు విడదీసేది. జీవితమంతా రాట్నం ముందు ఒంగి నూలు చుట్టిన మనిషి. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె వీపు పూర్తిగా గూని పడి, నిలబడ్డా నేలనే చూసేది. ఇంటి నిండా సోఫాలున్నా ఆమె ఒక్కనాడూ కూర్చోలేదు. అమ్మ బలవంతం చేస్తే, "గుట్ట మీద దేవుడుండాలె, మనుషులు గుట్ట కింద కూసోవాలె" అని చాప దగ్గరికి లాక్కునేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బాపు ఆమె పక్కనే గోడకు ఆనుకుని కునుకు తీసేవాడు. లోకానికంతటికీ వీపు ఆనించే పలకలు చేసిన మనిషి గోడకు ఆనుకునేవాడు. సోఫా మీద పడుకుంటే రెగ్జిన్‌కు చెమట మరక పడుతుందని భయం.

ఎదురింట్లో అండాలత్త ఉండేది. నల్లగొండ జిల్లా నుంచి వచ్చినవాళ్ళు, మొగుడు బస్సు డ్రైవర్. చుట్టరికం లేదు, కానీ ఆమె బాపును అన్నా అనేది, మేం ఆమెను అత్తా అనేవాళ్ళం. ఆమెకు ఒక్కతే బిడ్డ, లత. నా తోటిది. జిగురు ఆరడానికి బాపు సోఫా చట్రాలను బయట గల్లీ వార వరసగా పెట్టేవాడు. ఇంకా బట్ట వేయని ఆ కట్టె గుట్టల మీద గుర్రం ఎక్కినట్టు కాళ్ళు చెరో పక్క వేసి కూర్చోవడం మా ఆట. ఒక ఎండాకాలం సరూర్‌నగర్ గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ పడితే అన్న మా ఇద్దరినీ తీసుకుపోయాడు. అక్కడ ఒక పాము మొహం రైలు ఉండేది. పట్టాలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి, గుట్ట ఎక్కి దిగేటప్పుడు కడుపులోంచి ఏదో లేచి గొంతులోకి వస్తుంది. లత కండ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుని అరిచి, దిగగానే "ఇంకోపారి ఎక్కుదం అన్నా, ఇంకొక్కపారి" అని అన్న చొక్కా వదలలేదు. ఆ తర్వాత మా కట్టె సోఫాలు రైలు పెట్టెలయ్యాయి. అన్న అప్పటికి పదో తరగతిలో ఉన్నాడు, ఆటలు ఆడే వయసు దాటింది. అయినా డ్రైవర్ తనే. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తే రైలు బయలుదేరుతున్నట్టు. ఆ ఈల మెయిన్ రోడ్డు దాకా వినబడేది.

గల్లీ చివర మురుగు నాలా గోడ, అటు దారి లేదు. కానీ ఆ కొసన ఇళ్ళు కడుతుండడంతో ఇటుకల లారీలు వచ్చిపోతుండేవి. ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు డ్రైవర్లకు తొందర. ఒక మధ్యాహ్నం బాపు కొత్త సెట్టు చట్రాలు బయట పెట్టాడు. నేను ముందే ఎక్కి కూర్చున్నాను. లత వాళ్ళ గడప మీద ఉప్పూ కారం అద్దుకుని జామకాయ తింటోంది. అన్న ఈల వేశాడు. ఆమె లేచి ఉరికింది.

ఇంతకంటే రాయలేను. ఆ ఈల నేను విన్నాను, అమ్మ విన్నది, షెడ్డులో బాపు విన్నాడు. పంచనామా రాసుకున్న పోలీసాయనకు లారీ వేగంగా వచ్చిందని అందరూ చెప్పారు. అది నిజం. ఈల గురించి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇంట్లో మాలో మేం కూడా ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆనాటి తర్వాత మా అన్న ఈల వేయగా నేను వినలేదు. పదో తరగతి పరీక్షలు రాయలేదు, బాపు పక్కన కూర్చుని మొలలు అందుకోవడం మొదలుపెట్టాడు.

స్పీడ్ బ్రేకర్ కావాలని కాలనీ వాళ్ళు దరఖాస్తులు పెట్టారు. ఎవరో వచ్చి చూసి పోయారు. కాలనీ సంఘం అధ్యక్షుడు సుబ్బారావుగారిది గుంటూరు వైపు. ఆయనే చివరికి, "ఏవండీ, వాళ్ళొచ్చేదాకా కూర్చుంటే మన పిల్లలు మిగలరు. మనమే వేసేద్దాం" అన్నాడు. ఇది ఈ ప్రాంతంలో అన్ని కాలనీల్లోనూ ఉన్న పద్ధతే. ఎవరి ఇల్లు కడుతుంటే వాళ్ళ దగ్గర మిగిలిన కంకర, ఇసుక, సిమెంటు తెచ్చి రోడ్డుకు అడ్డంగా పోసేస్తారు. ఆ ఆదివారం మేస్త్రీ తాపీతో కుప్పగా పోసి చదును చేస్తున్నాడు. గడప మీద నిలబడి చూస్తున్న బాపుకు ఆగలేదు. వంకర పని కనబడితే ఆయనకు అన్నం సయించదు. "గిదేం పనయ్యా, పెండకుప్ప లెక్క?" అని లోపలికి పోయి గోడ మీది చిన్న ఫర్మా తెచ్చాడు. గుట్ట ఒంపు కోసి తీయగా మిగిలిన ప్లైవుడ్ ముక్క అది, గుట్ట ఇమిడేట్టు కింది అంచు లోపలికి ఒంగి ఉంటుంది. దాన్ని పచ్చి సిమెంటు మీద నిలబెట్టి గల్లీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా లాగాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా, కుర్చీ వీపు రోడ్డు మీద పడుకున్నట్టు, గుట్ట తయారైంది.

అండాలత్త తన గడప దిగింది. దగ్గరికి వచ్చి నిలబడి, "అన్నా, ఇంక జర ఎత్తు పెట్టు" అంది.

"ఇది కుర్చీ ఫర్మా చెల్లె. ఇంతకన్న లేదు."

"మరి సోఫాది తే."

బాపు తల అడ్డంగా ఊపాడు. "అది పెడితే మనుషులు గూడ ఎక్కలేరు తల్లీ."

"పోనీ పక్కన జానెడు సందు వదలండి, నీళ్ళు పోవాలిగా" అన్నాడు సుబ్బారావుగారు. అండాలత్త ఆయన వైపు చూడలేదు. "సందిస్తే స్కూటర్లు దూరుతయ్ అన్నా" అంది బాపుతో. బాపు ఆ సందు కూడా మూసేశాడు. బిడ్డ పోయిన తల్లి అడిగితే కాదనడానికి ఆ రోజు అక్కడ ఎవరికీ నోరు రాలేదు. సోఫా చేసే చేతితో రోడ్డు మీద పని చేయకూడదని తెలిసినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

తర్వాత ఏండ్లకు, నేను డెస్కులో చేరాక, రోడ్ల ఇంజనీరు ఒకాయన రాసిన వ్యాసం దిద్దడానికి వచ్చింది. స్పీడ్ బ్రేకర్ అన్నది తక్కువ ఎత్తుతో, చాలా వెడల్పుగా, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేట్టు ఉండాలని, దూరం నుంచే కనబడాలని అందులో ఉంది. ఇంటికి పోయి బాపుకు చదివి వినిపించాను. ఆయన మొత్తం విని, "అది వాళ్ళ ఫర్మా బిడ్డా. ఇది మనది" అన్నాడు. అంతటితో అయిపోయింది.

గల్లీకి రోడ్డు వేసిన ప్రతిసారీ గుట్ట పూడిపోయేది, పనివాళ్ళు పోగానే కాలనీ వాళ్ళు ఫర్మా కోసం మా ఇంటికి వచ్చేవాళ్ళు. బాపు పోయాక ఆ పని అన్నది. ఎవరూ పిలవకముందే ఫర్మా భుజాన వేసుకుని వచ్చేవాడు. అండాలత్త ఉగాదికీ దసరాకూ దానికి సున్నం కొట్టేది. పండుగకు మా ఇంటికి గారెలు పంపేది, అవి అన్నకు ఇష్టమని గిన్నెలో ఆయనకు వేరేగా పెట్టి. మరో సంగతి కూడా జరిగింది, దాన్ని ఎవరూ అనుకోలేదు. రిక్షాలో బడికి పోయే పిల్లలకు ఆ గుట్ట ఇష్టమైపోయింది. రిక్షా గుట్ట ఎక్కుతుందనగా అందరూ పిరుదులు లేపి ఎగిరేవాళ్ళు, దిగేటప్పుడు గలగలా నవ్వేవాళ్ళు. మొదట్లో అండాలత్త గడప మీది నుంచి తిట్టేది, ఒకసారి చెంబెడు నీళ్ళు కూడా చల్లింది. తర్వాత తర్వాత తిట్టడం మానేసింది. బడి విడిచే వేళకు పని ఆపి వచ్చి గడప మీద కూర్చునేది. ఆ నవ్వులు వినడానికే కూర్చుంటుందని అమ్మ అనేది.

ఇప్పుడు మెట్రోలో కూర్చుని కిందికి చూస్తే ఊరంతా మూపురాలే కనబడతాయి. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఒక ఫ్లైఓవర్ మీద ఇంకొకటి, ఒంటెల మంద ఒకదాని మీద ఒకటి మెడ వేసి నిలబడ్డట్టు. అవి కడుతున్న కాలంలో ప్రతి శంకుస్థాపనకూ, ప్రతి ప్రారంభానికీ నేను హెడ్డింగులు పెట్టాను. తీరనున్న ట్రాఫిక్ కష్టాలు, తొలగిన ఇక్కట్లు. ఇక్కట్లు చౌరస్తాలో తొలగి గల్లీల్లోకి వచ్చాయి. గుట్ట సోఫాలు అడిగేవాళ్ళు లేరు. కొత్తపేట షోరూముల్లో అన్నీ పలకల్లాంటివే, నేలకు అతుక్కుపోయినట్టు ఉండేవి. అన్న షెడ్డు ఎప్పుడో మూసేసి పాత సోఫాలకు బట్ట మార్చే పని మాత్రం చేసుకుంటున్నాడు. ఖాళీ ప్లాట్లున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. సరుకులు పది నిమిషాల్లో తెచ్చే కుర్రాళ్ళు బండి మీద నిలబడి గుట్ట దాటుతారు. పిల్లలను వ్యాన్లు అద్దాలు మూసుకుని తీసుకుపోతాయి, ఎగిరినా నవ్వినా బయటికి వినబడదు. ఒకప్పుడు గల్లీలో ఒక మనిషి పడితే పది గడపలు ఖాళీ అయ్యేవి. అన్న పడ్డ సాయంత్రం ముందుగా ఆగినవాడు వీడియో తీశాడని వదినె చెప్పింది.

ఆపరేషన్ అయింది. నడుము కింద ప్రాణం లేదు. అయితే పాదాల్లో కొద్దిగా స్పర్శ మిగిలి ఉందని, రోజు విడిచి రోజు తీసుకొచ్చి యంత్రాల మీద కసరత్తు చేయిస్తే నిలబడే ఆశ ఉందని, ఆలస్యమైతే మిగిలింది కూడా పోతుందని డాక్టరు చెప్పారు. ఎల్బీనగర్ అవతల దవాఖాన. మొదటిసారి నేను కూడా అంబులెన్సులో ఉన్నాను. డ్రైవర్ ఎంత మెల్లగా పోనిచ్చినా ముందు చక్రం గుట్ట దిగింది, అన్న కేక పెట్టాడు. వెనక చక్రం దిగింది, ఇంకో కేక. నేను అంతకుముందు ఆయన గొంతులో అట్లాంటి శబ్దం వినలేదు. తర్వాత పెద్ద ఫ్లైఓవర్ ఎక్కి దిగాం. ఆయన కండ్లు మూసుకునే ఉన్నాడు. కొంతసేపటికి "ఫ్లైఓవర్ వచ్చిందా?" అన్నాడు. దాటేసి చాలాసేపైందంటే నమ్మలేదు. ఆ తర్వాత గల్లీవాళ్ళు నలుగురు స్ట్రెచర్ పట్టుకుని గుట్ట దాటించి అవతల నిలబెట్టిన బండిలో ఎక్కించేవాళ్ళు. మొదట్లో పిలవకుండానే వచ్చారు. తర్వాత పిలిస్తే వచ్చారు. తర్వాత ఎవరి డ్యూటీలు వాళ్ళవి, మోసేవాళ్ళు లేని రోజు బండి గుట్ట మీదుగానే పోయేది, మళ్ళీ ఆ కేకలు. ఒకసారి మోస్తున్నవాడి కాలు ఆ గుట్ట మీదనే జారింది. చక్రాల కుర్చీ కొన్నాం. గోడ నుంచి గోడ దాకా సందు లేదు కదా, అది గుట్ట ఎక్కలేక వెనక్కి ఒరిగింది. ఇంటికి వచ్చి కసరత్తు చేయించే అబ్బాయి కొన్నాళ్ళు వచ్చి, చేతులతో అయ్యే పని కాదమ్మా, యంత్రాలు కావాలి అన్నాడు.

వినాయకచవితి దాటాక వదినె నన్ను పిలిపించింది. "ఇగ నా తోని కాదు శ్యామలా. ఆమెను అడుగుదాం పా" అంది. ఇద్దరం గల్లీ దాటి అండాలత్త గడప దగ్గర నిలబడ్డాం. ఆమె ఇప్పుడు ఒంటరి మనిషి. కండ్లకు పొర వచ్చింది, మనుషులను గొంతులతో పోల్చుకుంటుంది.

"అత్తా, ఒకటడుగుతా, తిట్టొద్దు" అంది వదినె.

"తిట్టే ఓపిక ఏడిది బిడ్డా. చాయ్ తాగుతరా?"

"చాయ్ వద్దు."

"మరేం గావాలె? గుట్ట గావాలెనా?"

వదినె నా మొహం చూసింది. అండాలత్తే మళ్ళీ అంది. "ఎన్నడడుగుతవో అని చూస్తున్న. వాని కేక నాకు ఇనవడదనుకున్నవా? దబ్బుమంటది, ఓ కేక. మల్ల దబ్బుమంటది, ఇంకో కేక. నేను చెవుల దూది పెట్టుకున్న."

"మరి నువ్వే చెప్పొద్దా అత్తా, తీసెయ్యుండ్రి అని? పెద్దోళ్ళు పడితే పానం కాదా?" వదినె గొంతు పెరిగింది.

"నోరు రాలే." ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "గప్పటి సంది ఈ గల్లీల ఒక్క పిల్ల గూడ పోలే. పోయిందా, చెప్పు? గది నా పోరి చేసిన పని అనుకుంటున్న. గా గుట్ట పోతే దానికి ఇగ ఏం పని లేనట్టే."

  వెళ్ళిపోదామని మేం తిరుగుతుంటే అండాలత్త నా చెయ్యి పట్టుకుంది. "తీసెయ్యుండ్రి. వానికి చెప్పు, అత్తనే తీసెయ్యమన్నదని. ఆ దినం వాడు ఈల కొట్టింది నాకెరుకనే, శ్యామలా. నేను వంటింట్ల ఉన్న, ఇన్న. పోరడు పిలిచిండు, పోరి ఉరికింది. పిల్లలను పిల్లలు పిలువకుంటే ఇంకెవరు పిలుస్తరు?"

ఆదివారం పొద్దున సుబ్బారావుగారు డ్రిల్లింగ్ మిషను ఉన్న మనిషిని తీసుకొచ్చాడు. అన్నకు అప్పటికి మేం ఏమీ చెప్పలేదు. ఎనభై దాటినా ఆయనే అధ్యక్షుడు. "తీసేసి, దాని బదులు తక్కువ ఎత్తుది, వెడల్పుది, పద్ధతి ప్రకారం వేయిద్దామమ్మా. ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు నాతో. మిషను మొదలైంది. ఇంటి గోడలు అదిరాయి. లోపలి నుంచి అన్న అరుపు. "ఎవడ్రా అది? ఆపు!"

నేనూ వదినే లోపలికి పరుగెత్తాం. మోచేతుల మీద లేవబోయి మంచం అంచుకు జరిగాడు. "ఏందయ్యా, నీ కోసమే గదా!" అంది వదినె.

"నా కోసమైతే వద్దు."

"మరి ఎవని కోసం నేను గిన్ని నెలల సంది నిన్ను మోస్తున్న? ఆమెనే తీసెయ్యమన్నది, ఇన్నవా? ఆమెకు ఈల సంగతి అప్పటి సంది ఎరుకంట."

ఆ మాట ఇప్పుడు చెప్పాలనుకోలేదు ఆమె. నోరు జారింది. అన్న మంచం మీద వెనక్కి వాలాడు. "ఎరుకంటనా?" అన్నాడు నా వైపు చూసి. నేను తల ఊపాను. "ఎరుకై గూడ గిన్నేండ్లు నాకు గారెలు పంపిందా?"

ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగా ఉంది, నాకు భయం వేసింది అందుకే. "గుట్ట ముట్టొద్దు. ముడితే మందులు మింగ, బువ్వ తిన. దవాఖానకు రాను. నన్ను ఇడిసిపెట్టుండ్రి." వదినె మంచం కాళ్ళ దగ్గర కింద కూర్చుండిపోయింది. ఆమె ఏడవలేదు. "ఆమె ఇచ్చినా తీసుకోడంట. జూసినవా వీని రుబాబు" అంది, ఎవరితోనో అన్నట్టు.

నేను బయటికి వచ్చి మిషను ఆపమన్నాను. గుట్టకు ఒక పక్క అరచేతంత పెచ్చు ఊడింది, అంతే. అండాలత్త ఎదురు గడప మీద కూర్చుని ఉంది. మిషను చప్పుడు ఎందుకు ఆగిందని అడిగింది. చెప్పాను. "వాడు అట్లనే అంటడు" అని లేచి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆ తర్వాత కాలనీ సంఘం రెండుసార్లు కూర్చుంది. కార్ల కింది భాగం గీరుకుపోతుందని అపార్టుమెంట్ వాళ్ళు తీసేయమంటారు, చిన్నపిల్లలున్న తల్లులు ఉండాలంటారు. తక్కువ ఎత్తుది వేసుకుందామంటే అందరూ సరేనంటారు, కానీ ముందు పాతది పగలగొట్టాలి, పగలగొట్టాలంటే యాదగిరి ఒప్పుకోవాలి. మంచంలో పడి ఉన్న మనిషి మాట కాదని ఆ పని చేయడానికి సుబ్బారావుగారికి మనసొప్పలేదు. వదినెకు ఒప్పింది. ఒకరోజు ఆమె తనే గడ్డపార తీసుకుని బయలుదేరిందట. రెండు దెబ్బలు వేసేసరికి లోపలి నుంచి గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడు వచ్చింది. వెళ్ళి చూస్తే అన్నం మంచం కింద. గడ్డపార తలుపు వెనక పెట్టేసి అన్నం ఎత్తింది.

నేను వారానికి రెండుసార్లు నాగోల్ నుంచి వెళ్తాను. పాత సంగతులు మాట్లాడతాను, సరేసు వాసన గురించి, నాయినమ్మ చాప గురించి. ఆయన వింటాడు, కొన్నిసార్లు నవ్వుతాడు కూడా. గుట్ట మాట ఎత్తితే నిద్ర వస్తుందంటాడు. అన్న చివరిసారి దవాఖానకు వెళ్ళింది దసరాకు ముందు; ఆ తర్వాత మోసేవాళ్ళు దొరకలేదు, కేకలు పెట్టిస్తూ బండిలో గుట్ట దాటించడానికి మాకు మనసు రాలేదు. ఇప్పుడు శివరాత్రి దాటింది. మొన్న డాక్టరుకు ఫోన్ చేసి, పాదాల్లో మిగిలిన ఆ కొద్ది స్పర్శ ఇంకా ఉందా అని అడిగాను. పరీక్ష చేస్తే గాని చెప్పలేమన్నారు. ఆ పరీక్ష దవాఖానలోనే చేస్తారు.